సీటు వచ్చుడు కాదు, గైడ్ దొరకాలె
(మా వాడ నుంచి ల్యాబ్ దాంక – 7వ భాగం)

పోయిన భాగంల ఎమ్మెస్సీ హాస్టల్ ముచ్చట్లు రాసిన. అది చదివినంక మస్తు మంది తమ్ముళ్లు, చెల్లెండ్లు ఒకటే అడిగిండ్రు: "అక్కా, లైఫ్ సైన్సెస్‌ల పీహెచ్‌డీకి ఎట్ల అప్లై చెయ్యాలె?" ఒక్కొక్కరికి జవాబు ఇచ్చుడు కంటె అందరికి ఒక్కసారే రాద్దామని ఈ భాగం రాస్తున్న. పొడుగైతది. ఓపికతోని చదువుండ్రి, పనికొస్తదనుకుంటె మీ హాస్టల్ గ్రూపుల వెయ్యుండ్రి.

ఫారం నింపుడు పది నిమిషాల పని. పేరు, మార్కులు, కులం సర్టిఫికెట్, ఫోటో, సంతకం, ఫీజు. అయిపాయె. గని ఆ ఫారం వెనక ఇంకో చదువు ఉంటది. ఏ ల్యాబ్‌కు వెయ్యాలె, ఎవలకు ముందుగాల మెయిల్ రాయాలె, సిఫారసు లేఖ ఎవలనడగాలె, ఇంటర్వ్యూల ఏమంటె ఏమనాలె. ఇది ఏ సిలబస్‌ల ఉండదు. తండ్రి ప్రొఫెసర్, మేనమామ సైంటిస్ట్ ఉన్న ఇండ్లల్ల పిల్లలకు ఇది అన్నం తినుకుంట తెలుస్తది. మన ఇండ్లల్ల దీని ముచ్చటే రాదు. నాకు ఇది తెలుసుకునేదానికి మూడేండ్లు పట్టింది. మీకు మూడు రోజులల్ల తెల్వాలెనని నా ఆశ.

ముందుగాల నేను ఏడికెల్లి వచ్చిన్నో చెప్త. కొత్తగ చదివేటోళ్లకు తెల్వది కద.

మాది సుల్తానాబాద్. కరీంనగర్ నుంచి పెద్దపల్లికి పోయే తొవ్వల ఉంటది. 2016 అక్టోబర్‌ల కొత్త జిల్లాలు అయ్యేదాంక మాది కరీంనగర్ జిల్లా, ఇప్పుడు పెద్దపల్లి జిల్లా. మా దిక్కు ఎవలనడిగినా సుల్తానాబాద్ అంటె రైస్ మిల్లులే అంటరు. కాకతీయ కాల్వ నీళ్లు, ఆ నీళ్లతోని వరి, ఆ వడ్లతోని మిల్లులు. మా నాయిన మిల్లుల హమాలీ. మా అవ్వ బీడీలు చేస్తది. మాది మాదిగ వాడ. మిల్లు ఓనర్లల్ల మా వాడోడు ఒక్కడు లేడు, బస్తా మోసేటోళ్లల్ల మా వాడోళ్లు లేని మిల్లు లేదు.

నాకు బయాలజీ మీద పానం పడ్డది మిల్లు తోనే. బాయిల్డ్ రైస్ ఎట్ల చేస్తరో మా వాడల చిన్న పోరగాండ్లకు గూడ తెలుసు. వడ్లను నానబెడ్తరు, ఆవిరి పడ్తరు, ఆరబెడ్తరు, అప్పుడు మర ఆడిస్తరు. డిగ్రీల విటమిన్ల పాఠం చెప్పుకుంట మా సారు బెరిబెరి జబ్బు గురించి చెప్పిండు. 1890లల్ల జావాల ఐక్‌మన్ అనే డచ్చి డాక్టర్ కోళ్లకు పాలిష్ బియ్యం పెడ్తె వాటికి కాళ్లు పడిపోయినయట, తవుడు తియ్యని బియ్యం పెడ్తె మల్ల లేసి నడిసినయట. ఆ పనికే 1929ల నోబెల్ వచ్చింది. నేను లేసి, మరి బాయిల్డ్ బియ్యం సంగతేంది సార్ అని అడిగిన. ఆవిరి పట్టినప్పుడు పై పొరలల్ల ఉన్న బీ1 విటమిన్ కొంత గింజ లోపలికి పోతదని, అందుకే మర ఆడించినా ఆ బియ్యంల అది మిగుల్తదని సారు చెప్పిండు. ఆ రోజు ఇంటికొచ్చి మా నాయినకు చెప్పిన. "నలభై ఏండ్లు మోసిన బిడ్డా, లోపల ఇంత కత ఉన్నదా" అన్నడు.

మిల్లు ఇంకోటి గూడ ఇచ్చింది. దగ్గు. ఊక దుమ్ము, తవుడు దుమ్ము, పాత బస్తాల బూజు. మా నాయినకు రెండుసార్లు తెమడ పరీక్ష చేసిండ్రు, టీబీ లేదన్నరు. లేదంటె మరి ఏమున్నది? ఆ ప్రశ్న నాతోనే ఉండిపోయింది. బూజు పట్టిన గడ్డి, గింజల దుమ్ము ఏండ్ల తరబడి పీలిస్తె ఊపిరితిత్తులు దానికి ఎదురు తిరిగే జబ్బు ఒకటి ఉన్నదని, దానికి వేరే దేశాలల్ల 'రైతు ఊపిరితిత్తి' అని పేరు పెట్టుకున్నరని ఎమ్మెస్సీల చదివిన. రైతుకు పేరు దొరికింది. హమాలీ సంగతి ఏంది? మిల్లు దుమ్ముల ఏ బూజులు, ఏ బ్యాక్టీరియా ఉంటయ్, అవి మనిషి ఊపిరితిత్తుల ఏం చేస్తయ్? ఇదే నా పరిశోధన ప్రశ్న అయింది.

ఇగ పరీక్ష ముచ్చట.

లైఫ్ సైన్సెస్‌ల పీహెచ్‌డీకి పెద్ద దర్వాజ సీఎస్ఐఆర్ నెట్. ఏడాదికి రెండుసార్లు పెడ్తరు. మూడు గంటలు, 200 మార్కులు. ఏ భాగంల 20 ప్రశ్నలకు 15 రాయాలె, ఇది అందరికి ఉండే లెక్కలు, తర్కం. బీ భాగంల 50కి 35 రాయాలె. సీ భాగంల 75కి 25 రాయాలె, ఒక్కోటి నాలుగు మార్కులు. అసలు కొట్లాట సీ భాగంలనే. అండ్ల గ్రాఫులు, ప్రయోగాలు ఇచ్చి అడుగుతరు, బట్టీ కొడ్తె రాదు. సిలబస్ 13 యూనిట్లు. తప్పు రాస్తె మార్కులు కోస్తరు, అందుకే అన్నీ రాసుడు కంటె వచ్చినయి రాసుడు మేలు.

ప్రశ్నపత్రం ఇంగ్లీష్ల ఉంటది, హిందీల ఉంటది. తెలుగుల ఉండదు. హిందీల చదువుకున్న పిలగాడు తన భాషల ప్రశ్న చదువుకుంటడు. తెలుగు మీడియం డిగ్రీ చేసిన సుల్తానాబాద్ పిల్ల మాత్రం ముందుగాల ఇంగ్లీష్ అర్థం చేసుకోవాలె, ఆ తర్వాత బయాలజీ. ఇద్దరికి అవే మూడు గంటలు. దీన్ని మెరిట్ అంటరు.

నేను 2016ల ఎమ్మెస్సీ పాసైన. కోచింగ్‌కు పైసలు లేవు. హైదరాబాద్‌ల ఒక సీనియర్ రూంల ఆరుగురం ఉండి చదువుకున్నం. ఒక్కొక్కరం రెండు యూనిట్లు తీసుకొని మిగిలినోళ్లకు చెప్పుడు. పాత పేపర్లు ముందటేసుకొని సీ భాగం ప్రశ్నలను తెలుగుల తిప్పి ఒకరికొకరం చెప్పుకునుడు. మొదటిసారి రాలే. రెండోసారి లెక్చరర్‌షిప్ వచ్చింది. 2018ల జేఆర్ఎఫ్ వచ్చింది. మా అవ్వ మా వాడకంత చాయ్ పోసింది.

జేఆర్ఎఫ్ అంటె నెలనెలా ఫెలోషిప్. అప్పుడు 25,000 రూపాయలు ఉండె, 2019 జనవరి నుంచి 31,000 చేసిండ్రు, 2023 జనవరి నుంచి 37,000. జేఆర్ఎఫ్ రాకున్నా నెట్ క్వాలిఫై అయిన ఎస్సీ విద్యార్థులకు నేషనల్ ఫెలోషిప్ అని వేరేగ ఉన్నది. 2005-06ల రాజీవ్ గాంధీ పేరు మీద మొదలైంది అదే. ఆ పైసలు ఎన్ని నెలలు ఆగుతయో, ఎట్ల కొట్లాడి తెచ్చుకోవాలెనో వేరే భాగంల రాస్త.

మా వాడల అందరు అనుకున్నది, జేఆర్ఎఫ్ వచ్చిందంటె సీటు వచ్చినట్టేనని. అసలు కత ఆడికెల్లే షురూ అయితది.

యూనివర్సిటీ ఎంట్రన్స్ రాసి వచ్చేటోళ్లకు రాత పరీక్షకు 70, ఇంటర్వ్యూకు 30. ఇది ఉత్తగనే రాలే. 2016 యూజీసీ నిబంధనలల్ల రాత పరీక్ష అర్హతకే పనికొచ్చేది, ఎంపిక మొత్తం ఇంటర్వ్యూ మీదనే ఉండె. దేశమంత విద్యార్థులు కొట్లాడితె 2018ల సవరణ చేసి 70, 30 చేసిండ్రు. 2024 నుంచి నెట్ ఫలితాలనే మూడు వరుసలు చేసిండ్రు. కేవలం పీహెచ్‌డీ అడ్మిషన్‌కు అర్హత వచ్చినోళ్లకు, అసిస్టెంట్ ప్రొఫెసర్‌షిప్ వచ్చినోళ్లకు నెట్ మార్కులకు 70, ఇంటర్వ్యూకు 30. అందరి కంటె పైన ఉన్న జేఆర్ఎఫ్ వచ్చినోళ్లకు? ఇంటర్వ్యూనే. అంటె మస్తు కష్టపడి పైకి వచ్చిన మన పిల్ల, తన రాత మార్కులు బయట పెట్టి, ఐదుగురు పెద్దమనుషుల ముందట ఒట్టి చేతులతోని కూసోవాలె.

ఇంటర్వ్యూ గదిల ఏమైతదో నేను చెప్పుడు కాదు, కమిటీలే చెప్పినయ్. ఢిల్లీ జేఎన్‌యూల రాత మార్కులకు, వైవా మార్కులకు మధ్యన కులం లెక్కన తేడా వస్తున్నదని కమిటీల మీద కమిటీలు చూసినయ్. 2016ల అబ్దుల్ నఫే కమిటీ వైవాను 30 నుంచి 15 మార్కులకు తగ్గియ్యాలెనని చెప్పింది.

నా ఇంటర్వ్యూలు మూడు. సంస్థల పేర్లు రాయను, ఏ సంస్థ అని అడగకుండ్రి. ఆ గదులు చాన చోట్ల ఒకే తీరుగ ఉంటయ్.

మొదటిది. పెద్దపల్లి టేషన్ల రైలెక్కి సికింద్రాబాద్ల దిగి, ఆడికెల్లి బస్సుల పోయిన. నా ముందటి పిల్ల ఇరవై ఐదు నిమిషాలు లోపల ఉన్నది, నవ్వుకుంట బయటికొచ్చింది. నేను కూసోంగనే ఒక పెద్దమనిషి నా పేరు మల్ల అడిగిండు. చెప్పిన. "పూర్తి పేరు" అన్నడు. ఇంటిపేరు చెప్పిన. "ఏ ఊరు, నాయిన ఏం చేస్తడు" అన్నడు. రైస్ మిల్లుల హమాలీ అని చెప్పిన. గదిల కొంచెంసేపు ఎవ్వలు మాట్లాడలే. తర్వాత ఇంకో మేడమ్ అడిగింది, "వెస్టర్న్ బ్లాట్ సొంతంగ చేసినవా?" ప్రొటీన్లను విడదీసి గుర్తుపట్టే పద్ధతి అది. మా ఎమ్మెస్సీల ఇరవై నాలుగు మందికి ఒక్క జెల్. మా సారు చేసిండు, మేము చుట్టు నిలబడి చూసినం. "చూసిన మేడమ్, చేతితోని చెయ్యలే, పద్ధతి మొత్తం చెప్త" అన్న. చెప్పు అనలే. నా పరిశోధన ప్రశ్న గురించి ఒక్క మాట అడగలే. ఏడు నిమిషాలల్ల బయటికొచ్చిన. లిస్టుల ఎస్సీ సీటు కాడ గీత గీసి ఉన్నది. తగినోళ్లు దొరకలేదట.

ఈ 'తగినోళ్లు' అనే మాట పట్టుకోండి. ల్యాబ్‌ల పని చేసి వచ్చినోళ్లకే ల్యాబ్‌ల చోటు ఇస్తరు. ఎండాకాలం సెలవులల్ల రెండు నెలలు పెద్ద ల్యాబ్‌ల పైసలు లేకుంట పని చేస్తె ఆ అనుభవం వస్తది. ఆ రెండు నెలలు హైదరాబాద్‌లనో బెంగళూరులనో రూం కిరాయి, తిండి ఎవలు పెట్టాలె? మనోళ్లు సెలవులల్ల ఉపాధి పనికో, బీడీలకో, షాపులకో పోతరు. ఇంటర్వ్యూల అది 'అనుభవం లేదు' అని పడ్తది.

రెండోది ఇంకో తీరు. లిస్టుల నా పేరు ఎక్కింది. ఫీజు కట్టమన్నరు, కట్టిన. తర్వాత గైడ్‌ను మీరే మాట్లాడుకోండి అన్నరు. తెలుగు సాహిత్యంలనో చరిత్రలనో అయితె గైడ్ లేకుంట కొన్ని దినాలు లైబ్రరీల కూసొని చదువుకోవచ్చు. బయాలజీల అట్ల నడవదు. గైడ్ లేదంటె బెంచి లేదు, బెంచి లేదంటె పిపెట్ లేదు, రసాయనం లేదు, ఫ్రిజ్‌ల నీ డబ్బా పెట్టుకునే జాగ లేదు. ల్యాబ్ తాళం చెవి గైడ్ చేతుల ఉంటది. ఒక్కో దర్వాజ కొట్టిన. "ల్యాబ్ ఫుల్ ఉన్నది", "ఫండ్స్ లేవు", "మీ టాపిక్ మా ఏరియా కాదు", "వచ్చే ఏడాది చూద్దాం". నా తర్వాత చేరిన ఇద్దరికి అవే ఫుల్ ఉన్న ల్యాబ్‌లల్ల జాగ దొరికింది.

మా సబ్జెక్టుల అంటు అంటె సూక్ష్మజీవి. కడుక్కోని చేయి నుంచి, మూత పెట్టని ప్లేట్ నుంచి వస్తది. స్పిరిట్ దీపం కాడ పని చేస్తె రాదు. పుట్టుకతోని అంటు ఉండదని ఫస్టియర్ పిల్లకు చెప్పే మేడమ్‌లు, సార్లే నన్ను చూసి ల్యాబ్ ఫుల్ అన్నరు.

ఈ గైడ్ ముచ్చట నా ఒక్కదానిదే కాదు. సెంథిల్ కుమార్‌ను యాది చేసుకోండి. తమిళనాడు సేలం దిక్కు నుంచి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి ఫిజిక్స్ పీహెచ్‌డీకి వచ్చిండు. గైడ్‌ను ఇయ్యలే. 2008 ఫిబ్రవరిల హాస్టల్ల పానం తీసుకున్నడు. రోహిత్ వేములను యాది చేసుకోండి. అందరికి ఆయన ఉద్యమకారుడిగ తెలుసు, గని ఆ క్యాంపస్‌ల ఆయన ముందుగాల లైఫ్ సైన్సెస్ విద్యార్థి. జేఆర్ఎఫ్ తెచ్చుకున్నోడు. తర్వాత సామాజిక శాస్త్రాల దిక్కు మారిండు. కార్ల్ సేగన్ లెక్క సైన్స్ రాయాలెనని ఆయనకు ఆశ ఉండె. 2016 జనవరి 17న మనల్ని విడిచిపెట్టి పోయిండు. ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్భై ఐదు వేల రూపాయలు తనకు రావాలెనని ఆయన లేఖలనే ఉన్నది. రోహిత్ పేరు చెప్పి నినాదం ఇచ్చే మనం, మన తమ్ముడికి గైడ్ దొరికిండా, ఫెలోషిప్ పడ్డదా అని గూడ అడగాలె. అదే ఆయనకు మనం పట్టే లెక్క.

ఇంకో ముచ్చట చాన మందికి తెల్వది. కేంద్ర విద్యాసంస్థలల్ల అడ్మిషన్లకు ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5, ఓబీసీలకు 27 శాతం రిజర్వేషన్ ఇచ్చిన చట్టం 2006లది. అదే చట్టంల ఒక షెడ్యూల్ పెట్టి, ఈ సంస్థలకు ఇది వర్తించదు అని రాసుకున్నరు. అండ్ల టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ ఉన్నది. బెంగళూరుల జీవశాస్త్రానికి పేరుపడ్డ ఎన్‌సీబీఎస్ దాని కొమ్మనే, మన హైదరాబాద్ గోపన్‌పల్లిల ఉన్న టీఐఎఫ్‌ఆర్ కేంద్రం గూడ దాని కొమ్మనే. మానేసర్ల మెదడు పరిశోధన కేంద్రం, బెంగళూరుల జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ గూడ ఆ షెడ్యూల్ల ఉన్నయ్. అంటె జీవశాస్త్రంల దేశంల పెద్ద పేరున్న చోట్లనే మనకు రిజర్వేషన్ లేదు. 2023 జనవరిల 'నేచర్' పత్రిక మన దేశం సైన్స్‌ల కులం మీద లెక్కలు వేసింది. పైవరుస సంస్థలల్ల ప్రొఫెసర్లల్ల దళితులు, ఆదివాసులు కలిసి ఒక్క శాతం గూడ లేరని రాసింది. గైడ్ కుర్చీల మనోళ్లు లేకుంటె మన పిల్లకు దర్వాజ ఎవలు తీస్తరు?

అట్లని ఆడ అప్లై చెయ్యొద్దని నేను అనను. చెయ్యాలె. రిజర్వేషన్ లేని చోట గూడ మన పేర్లు ఆ లిస్టులల్ల కనపడాలె. గని ఏ దర్వాజకు ఏ తాళం ఉన్నదో తెలిసి పోవాలె.

మూడోసారి నేను పోయిన తీరు వేరే. రెండో చోట గైడ్ కోసం తిరుగుతున్నప్పుడు అంబేద్కర్ విద్యార్థి సంఘం సీనియర్ అన్న ఒకాయన దొరికిండు. ఆయన కెమిస్ట్రీ. గైడ్ కోసం ఏడాదిన్నర తిరిగినోడు. నన్ను కూసోబెట్టి, "చెల్లె, ఇది అడుక్కునే పని కాదు, అర్జీ పెట్టే పని గూడ కాదు, ఇది ఒక పద్ధతి, నేర్చుకుంటె వస్తది" అన్నడు. ఆయన నేర్పినయి, తర్వాత నేను నేర్సుకున్నయి కలిపి రాస్తున్న.

ఒకటి. ఫారం కంటె ముందు మెయిల్. యూనివర్సిటీకి అప్లై చేసే మూడు నెలల ముందే, మీరు పని చెయ్యాలెననుకున్న ల్యాబ్ ప్రొఫెసర్‌కు రాయాలె. ఆ ప్రొఫెసర్ ఈ రెండు మూడేండ్లల్ల రాసిన పేపర్లు రెండు చదివి, అండ్ల ఒకదాని మీద మీకు వచ్చిన ప్రశ్న ఒకటి రాయాలె. పదిహేను లైన్లు దాటొద్దు. ఒకే మెయిల్ వంద మందికి పంపితె ఎవ్వలు చదవరు. పది మందికి పది తీర్ల రాస్తె ఇద్దరు జవాబిస్తరు. ఆ ఇద్దరు చాలు.

రెండు. జాగ ఉన్నదా అని సూటిగ అడగాలె. యూజీసీ నిబంధనల లెక్కన ప్రొఫెసర్ దగ్గర ఒక్కసారికి ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు పీహెచ్‌డీ విద్యార్థులు ఉండొచ్చు. ఎవల దగ్గర ఎన్ని ఖాళీలు ఉన్నయో డీన్‌కు రాతపూర్వకంగ అడగండి. నోటి మాటకు 'ఫుల్' అనుడు అలక, కాయిదం మీద అనుడు కష్టం. జవాబు రాకుంటె సమాచార హక్కు చట్టం ఉన్నది. మీ ఇంటర్వ్యూ మార్కులు గూడ దాని కింద అడగొచ్చు.

మూడు. సిఫారసు లేఖ. మనోళ్లు దీన్ని పైరవీ అనుకొని సిగ్గుపడ్తరు. సిగ్గుపడొద్దు. బాబాసాహెబ్ కొలంబియా నుంచి 1916ల లండన్ పోయినప్పుడు ఆయన ప్రొఫెసర్ సెలిగ్మన్, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ప్రొఫెసర్ ఫాక్స్‌వెల్‌కు లేఖ రాసిండు. అంబేద్కర్ అంతటి చదువరికే లేఖ కావాల్సి వచ్చింది, మనకెందుకు వద్దు? బరోడా స్కాలర్‌షిప్ అయిపోయి 1917ల చదువు నడుమ ఆపి వచ్చినోడు, పైసలు జమ చేసుకొని 1920ల మల్ల పోయి డీఎస్సీ పూర్తి చేసిండు. ఆయన దరఖాస్తుల చరిత్ర గూడ మనం చదువుకోవాలె. ఎమ్మెస్సీ మొదటి ఏడాది నుంచే ఇద్దరు సార్లు మీ పని ఎరిగి ఉండేటట్టు చూసుకోండి. సెమినార్ చెప్పండి, ప్రాజెక్టు మీద ప్రశ్నలు అడగండి. లేఖ అడిగేటప్పుడు మీ మార్కులు, ప్రాజెక్టు సంగతి ఒక కాయిదం మీద రాసి ఇయ్యండి, వాళ్లకు అలకయితది.

నాలుగు. మీ గురించి రాసే ఎస్‌వోపీ. నెట్ల దొరికే నమూనాలన్నీ 'చిన్నప్పటి నుంచి నాకు సైన్స్ అంటె ఇష్టం' అని షురూ అయితయ్. మా అన్న ఒక్క మాట అన్నడు, "మిల్లు రాయి." నేను మిల్లు దుమ్ము రాసిన. మా నాయిన దగ్గు రాసిన. తెమడ పరీక్షల ఏమి రాలేదని రాసిన. దుమ్ము నమూనా ఎట్ల తీస్త, బూజులను ఎట్ల పెంచి గుర్తుపడ్త, హమాలీల రక్తంల వాటికి ఎదురుగ తయారైన యాంటీబాడీలు ఉన్నయో లేవో ఎట్ల చూస్త అని ఒక పేజీల రాసిన. మీది చేనైతె చేను రాయండి, గనైతె గని రాయండి. గోదావరిఖని పిల్లకు బొగ్గు దుమ్ము గురించి తెలిసినంత ఏ పెద్దింటి పిల్లకు తెలుస్తది? అయితె జాలి కోసం రాయొద్దు. ప్రశ్న ఏంది, ఎట్ల తేలుస్తవు, అంతే.

ఐదు. ఇంటర్వ్యూను ముందే ఆడి చూసుకోవాలె. నలుగురు సీనియర్లను కూసోబెట్టుకొని పదిసార్లు. ఇంగ్లీష్ తప్పులు పోతె పోనీ, చిన్న మాటలల్ల చెప్పండి. రాని ప్రశ్నకు రాదు అని చెప్పి, ఎట్ల తెలుసుకుంటరో చెప్పండి. నాయిన ఏం చేస్తడని అడిగితె తలకాయ దించొద్దు. అది బయాలజీ ప్రశ్న కాదని వాళ్లకు గూడ తెలుసు.

ఆరు. కాయిదాలు. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ మీసేవల ముందే తీసి పెట్టుకోండి. జేఆర్ఎఫ్ లేఖకు గడువు ఉంటది, ఆ తారీకు గోడ మీద రాసి పెట్టుకోండి. ఫెలోషిప్‌తోని పాటు ఏడాదికి ఇచ్చే కంటింజెన్సీ, హాస్టల్ దొరకకుంటె ఇంటి కిరాయి మీ హక్కు, అడిగి తీసుకోండి. 2024 జూన్ల జరగాల్సిన సీఎస్ఐఆర్ నెట్‌ను నాలుగు రోజుల ముందు వాయిదా వేసి జులై ఆఖరికి పెట్టిండ్రు. రైలు టికెట్లు తీసుకున్న పిల్లల పైసలు పోయినయ్. అసొంటిది మల్ల కావొచ్చు, అందుకే ఒక్క పరీక్ష మీదనే ఆశ పెట్టుకోకుండ్రి. గేట్ లెక్క వేరే పరీక్షలు గూడ ఉన్నయ్. అన్నీ రాయండి.

మూడో ఇంటర్వ్యూల ఒక మేడమ్ నా పేజీ చదివి వచ్చింది. అండ్ల గీతలు గీసుకొని వచ్చింది. "దుమ్ము నమూనా తియ్యనీకి మిల్లు ఓనర్ ఒప్పుకుంటడా?" అని అడిగింది. బయాలజీ పరిశోధనల అంతకంటె అసలైన ప్రశ్న నన్ను ఎవ్వలు అడగలే. "ఓనర్ ఒప్పుకోకుంటె హమాలీల అంగీల మీది దుమ్ము తీస్త మేడమ్. ఆ అంగీలు మా వాడలనే ఉతుకుతరు" అని చెప్పిన. నలభై నిమిషాలు అడిగింది. రానియి రావన్న. 2019ల ఆమె ల్యాబ్‌ల చేరిన. మొదటి రోజు నాకొక బెంచి చూపెట్టి, పిపెట్ చేతికిచ్చి, ఎట్ల పట్టుకోవాలెనో నేర్పింది. వెస్టర్న్ బ్లాట్ చెయ్యనీకి నాకు పట్టింది మూడు వారాలు. ఆ మూడు వారాలు నేర్పనీకి ఓపిక లేక, మొదటి గదిల నన్ను ఏడు నిమిషాలల్ల పంపిండ్రు.

మేడమ్ మన కులం కాదు. గని మంచోళ్లు దొరికితెనే మన పిల్లలకు గైడ్ దొరికే పద్ధతి ఎన్ని దినాలు నడవాలె? అదృష్టం మీద నడిచేది హక్కు అయితదా? ఖాళీల లిస్టు అడ్మిషన్ నాడే బోర్డు మీద పెట్టాలె. సీటు ఇచ్చిన నెల లోపట గైడ్‌ను యూనివర్సిటీనే ఇయ్యాలె. జేఆర్ఎఫ్ పిల్లల రాత మార్కులు ఎంపికల లెక్క కట్టాలె. నెట్ ప్రశ్నపత్రం తెలుగుల రావాలె. 2006 చట్టంల ఆ షెడ్యూల్ తీసెయ్యాలె. ఎస్సీ సీటు ఖాళీ పెడ్తె ఎందుకు పెట్టిండ్రో రాసి సంతకం పెట్టాలె. విద్యార్థి సంఘాల తమ్ముళ్లు ఈ ఆరింటిని మీ డిమాండ్లల్ల రాసుకోండి. మెస్ బిల్లు మీద మనం ఎంత గట్టిగ కొట్లాడుతమో వీటి మీద గూడ అంతే గట్టిగ కొట్లాడాలె.

మా నాయిన ఇప్పుడు మిల్లుకు పోతలేడు, చాత కాదు. నా థీసిస్ ఆఖరికి వచ్చింది. పోయిన నెల ఇంటికి పోయినప్పుడు, "ఇంకెన్ని క్లాసులున్నయి బిడ్డా" అని అడిగిండు. క్లాసులు అయిపోయినయి నాయినా, రాసుడే ఉన్నది అన్న. మా వాడల ముప్పై ఒక్కమంది హమాలీల రక్తం నమూనాలు నా ఫ్రీజర్ల ఉన్నయ్. ఎవల దగ్గు దేనితోని వచ్చిందో వాళ్లకు తెలుగుల రాసి ఇస్తనని మాటిచ్చిన. డిగ్రీ పట్టా కంటె ముందు ఆ కాయిదాలు ఇయ్యాలె.

ఈ ఏడాది మా మండలంల ఇద్దరు పిల్లలు నెట్ రాస్తున్నరు. ఒకామె తల్లి గూడ బీడీలు చేస్తది. ఆమె ఎస్‌వోపీ మొన్న రాత్రి నాలుగోసారి దిద్దినం. మీరు రాసుకున్నది ఉంటె నాకు గూడ పంపుండ్రి. ఒక్కొక్కటి చదువుత. నాకు తెల్వని సబ్జెక్టు అయితె తెలిసినోళ్లకు పంపిస్త. ఇప్పటికే ఏదో ఒక ల్యాబ్‌ల బెంచి దొరికినోళ్లు ఉంటె కింద రాయండి, మీరెన్ని దిద్దగలుగుతరో చెప్పండి. ఫారం తారీకులు దగ్గర పడుతున్నయ్.

వచ్చే భాగంల ఫెలోషిప్ పైసలు ఆగితె ఏం చెయ్యాలెనో రాస్త.

జై భీమ్.